జీఎన్‌ఎం తర్వాత ఆన్‌లైన్ బీఎస్సీ నర్సింగ్: అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

ప్రశ్న: ఇంటర్ బైపీసీ తర్వాత జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. సికింద్రాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో ఐదేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం మానే పరిస్థితి లేదు. అమెరికాలో ఉన్న మా వదిన డ్యూటీ చేసుకుంటూనే ఏడాదిలో ఆన్‌లైన్‌లో నర్సింగ్ డిగ్రీ పూర్తి చేసింది. ఇక్కడ అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు కూడా లక్షా ఇరవై వేలకు అలాగే చేయిస్తామంటున్నారు. ఈ వారంలోపు పాతిక వేలు అడ్వాన్స్ అడుగుతున్నారు. చేరమంటారా?

జవాబు: వద్దమ్మా, కట్టకండి. వారం గడువు పెట్టారన్నారు కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. కారణాలు నిదానంగా చదవండి.

మీ వదిన చదివింది నిజమైన డిగ్రీయే, అందులో అనుమానం లేదు. అక్కడ దాన్ని ఆర్‌ఎన్ టు బీఎస్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు నుంచి నర్సింగ్ డిగ్రీకి, అంటారు. డిప్లొమా గానీ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ గానీ చేసి, ఎన్‌క్లెక్స్ అనే అక్కడి నర్సు లైసెన్స్ పరీక్ష పాసై, చేతిలో లైసెన్స్ ఉన్న నర్సులకు మిగిలిన భాగం పూర్తి చేయించే కోర్సు అది. మంచం పక్క నేర్చుకోవాల్సిన పని వాళ్లకు అప్పటికే వచ్చు కాబట్టి కమ్యూనిటీ హెల్త్, లీడర్‌షిప్, రీసెర్చ్ లాంటి పేపర్లే మిగులుతాయి, అవి రాత్రి డ్యూటీ దిగి వచ్చాక ఇంట్లో కూర్చుని చదవగలిగినవే. అయినా చాలా కాలేజీలు దగ్గర్లోని హెల్త్ సెంటర్‌లో కొన్ని గంటల ప్రాక్టికం (పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) చేయమంటాయి. న్యూయార్క్ రాష్ట్రమైతే 2017లో చట్టమే చేసింది, అక్కడ కొత్తగా లైసెన్స్ తీసుకునే నర్సు పదేళ్లలో బ్యాచిలర్స్ పూర్తి చేయాలని. ఈ కోర్సుల్లో చేరాలంటే సాధారణంగా అమెరికా ఆర్‌ఎన్ లైసెన్స్ అమల్లో ఉండాలి, అది మీ దగ్గర లేదు. మీ వదిన దారి మీకు ఇక్కడి నుంచి తెరుచుకోదు, దానికీ అమీర్‌పేట వాళ్లు చెప్పేదానికీ సంబంధమే లేదు.

మన దగ్గర సంగతి వేరు. ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ నడపకూడదని యూజీసీ ప్రకటించిన కోర్సుల్లో వైద్యం, ఫార్మసీ, ఫిజియోథెరపీలతో పాటు నర్సింగ్ కూడా ఉంది. మరి ఆ కన్సల్టెన్సీ అమ్ముతున్నదేమిటి? వాళ్లను గట్టిగా అడిగితే 'నాన్ అటెండింగ్' అంటారు చూడండి. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక కాలేజీలో, జీఎన్‌ఎం చేసినవాళ్లకు డిగ్రీ ఇచ్చే రెండేళ్ల రెగ్యులర్ పోస్ట్ బేసిక్ బీఎస్సీలో మీ పేరు రాస్తారు, మీరు పరీక్షలకు మాత్రం వెళ్తారు, హాజరు వాళ్లే చూసుకుంటారు. ఒక్కోసారి అసలు కాలేజీయే ఉండదు. ఉన్నా సరే, అసలు చిక్కు తర్వాత వస్తుంది. రేపు మీరు గల్ఫ్‌కో మరో దేశానికో అప్లై చేస్తే డేటాఫ్లో లాంటి సంస్థలు మీ సర్టిఫికెట్లను నేరుగా కాలేజీకి, ఆసుపత్రికి పంపి నిర్ధారించుకుంటాయి. మీ ఆసుపత్రి ఇచ్చిన సర్వీస్ లెటర్‌లో సికింద్రాబాద్ ఐసీయూలో ఫుల్ టైమ్ అని, కాలేజీ స్టడీ సర్టిఫికెట్‌లో అవే తేదీల్లో ఇంకో ఊళ్లో ఫుల్ టైమ్ విద్యార్థి అని ఉంటుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించండి. డిగ్రీ సంగతి అటుంచితే మీరు నిజాయితీగా, కష్టపడి చేసిన ఐదేళ్ల ఐసీయూ అనుభవం మీదే అనుమానం పడుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

అందుకే నర్సింగ్ డిగ్రీ విషయంలో ఎవరినైనా ఒక్క ప్రశ్న అడగండి: ఈ కోర్సు పూర్తయ్యాక తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో దీన్ని నా రిజిస్ట్రేషన్‌కు అడిషనల్ క్వాలిఫికేషన్‌గా ఎక్కిస్తారా? కాలేజీ పేరేంటి, ఏ యూనివర్సిటీ కింద ఉంది, ఈ ఏడాదికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందా అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. 'ముందు అడ్వాన్స్ కట్టండి మేడమ్, కాలేజీ పేరు తర్వాత చెబుతాం' అంటే అక్కడితో వదిలేయండి.

ఇప్పుడు మీకున్న దారులు.

మొదటిది ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్. నర్సింగ్‌లో దూరవిద్య కుదరదని పైన చెప్పాను కదా, ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపుతో ఇగ్నో నడుపుతూ వచ్చిన కోర్సు. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది ఇదే. ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసమే పెట్టింది, కనీసం మూడేళ్లు. ఇంటర్ తర్వాత జీఎన్‌ఎం చేసినవాళ్లకు రిజిస్ట్రేషన్ అయ్యాక రెండేళ్ల అనుభవం, పదో తరగతితో జీఎన్‌ఎం చేసినవాళ్లకు ఐదేళ్లు అడుగుతారు. మీకు ఐదేళ్లుంది, ఇబ్బంది లేదు. ఓపెన్‌నెట్ అనే ఎంట్రెన్స్ రాయాలి, సీట్లు తక్కువ. ఇది ఆన్‌లైన్ కోర్సు కాదని మాత్రం గుర్తుంచుకోండి. థియరీ ఇంట్లో చదువుకున్నా, ప్రాక్టికల్స్‌కు వాళ్లు కేటాయించిన స్టడీ సెంటర్‌కు వెళ్లాల్సిందే, ఆ రోజులకు మీ నర్సింగ్ సూపరింటెండెంట్ ఆఫ్‌లు సర్దుబాటు చేయాలి. చేరకముందే ఆమెతో మాట్లాడుకోండి, ఆ మాట జరగక మధ్యలో ఆపేసినవాళ్లు చాలామంది. నోటిఫికేషన్ వచ్చిందా, ఏ సెంటర్లకు అనుమతి ఉంది అన్నది ఏ ఏడాదికి ఆ ఏడాది ఇగ్నో వెబ్‌సైట్‌లో చూసుకోండి, లేదా ఆఫ్ ఉన్న రోజున కావూరి హిల్స్‌లో ఉన్న రీజినల్ సెంటర్‌కు స్వయంగా వెళ్లి కనుక్కోండి.

రెండోది రెండేళ్ల రెగ్యులర్ పోస్ట్ బేసిక్. మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ భర్తీ చేస్తుంది. చదువు బాగుంటుంది, కానీ రోజూ కాలేజీకి వెళ్లాలి, జీతం ఆగిపోతుంది. ఇంట్లో ఇంకో ఆదాయం ఉంటే తప్ప మీకు నేను చెప్పను.

ఇవన్నీ సరే గానీ, అసలు డిగ్రీ మీకు దేనికి? మీ ఉత్తరంలో అది లేదు. ప్రభుత్వ ఉద్యోగానికైతే డిగ్రీ కోసం ఆగక్కర్లేదు. ఎయిమ్స్‌లో నర్సు పోస్టుల కోసం పెట్టే నార్సెట్ పరీక్షకు జీఎన్‌ఎం చేసి, కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి ఉంటే చాలు. 2024లో తెలంగాణ వైద్య ఆరోగ్య నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌లో కూడా జీఎన్‌ఎం వాళ్లకు అవకాశం ఉంది. ఆ లక్షా ఇరవై వేలలో పదో వంతు మంచి కోచింగ్‌కు, పుస్తకాలకు పెట్టుకున్నా ఇంతకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. జర్మనీ ఆలోచన ఉంటే అక్కడ ముందు భాష కావాలి. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉన్న టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలు చూపించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, ఏజెంట్ దగ్గరకు వెళ్లే ముందు వాళ్లను అడగండి. అమెరికాకైనా మొదటి మెట్టు ఎన్‌క్లెక్సే, ఆ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు. కాకపోతే మనవాళ్లకు అక్కడి గ్రీన్ కార్డు క్యూ ఏళ్ల తరబడి ఉంది, ఆ లెక్క ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాలి. టీచింగ్‌లోకి వెళ్లాలన్నా, ఎంఎస్సీ చేయాలన్నా మాత్రం డిగ్రీ తప్పనిసరి. మీ మనసులో ఉన్నది అదే అయితే ఇగ్నో మూడేళ్లు వృథా కావు.

మీ వదినలా అమెరికాలో లైసెన్స్‌తో ఉన్న మన అమ్మాయిలు ఇది చదువుతుంటే వాళ్లకూ రెండు మాటలు. ప్రోగ్రామ్‌కు, నర్సింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ గుర్తింపు ఇచ్చిందో లేదో ఆ సంస్థల సైట్లలోనే చూడండి, కాలేజీ బ్రోచర్‌లో కాదు. మీరున్న రాష్ట్రం నుంచి విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉందా, ప్రాక్టికం చోటు వాళ్లు చూపిస్తారా మీరే వెతుక్కోవాలా, ఇక్కడి జీఎన్‌ఎం మార్కులకు ఎన్ని క్రెడిట్లు ఇస్తారు అన్నవి ఫీజు కంటే ముందు అడగండి, ఎందుకంటే ఆ క్రెడిట్ల సంఖ్యను బట్టే మీ అసలు ఫీజు తేలుతుంది. ఆసుపత్రి ఫీజు తిరిగి ఇస్తానంటే, చదువయ్యాక ఎంతకాలం అక్కడే పనిచేయాలో ఒప్పందంలో చూసి సంతకం పెట్టండి.

మళ్లీ మీ సంగతికి వస్తే, ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? నగరంలో కొన్ని ఆసుపత్రులు చేరేటప్పుడే తీసుకుని దగ్గర పెట్టుకుంటాయి. మీవీ అలాగే ఉంటే హెచ్‌ఆర్‌కు ఇప్పుడే లెటర్ పెట్టి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ అడిగినప్పుడు వాటి కోసం తిరిగే టైమ్ ఉండదు. అలాగే నర్సింగ్ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ దాటిపోయిందేమో ఒకసారి చూసుకోండి.