కేసు పెట్టకుండానే కౌన్సెలింగ్‌కి వెళ్ళొచ్చు, కానీ ఏ కౌన్సెలింగ్‌కి?

తిరుపతిలో ఉన్న మీ చెల్లెల్ని భర్త కొడుతున్నాడనీ, రాత్రిళ్ళు బలవంతం చేస్తున్నాడనీ, ఆమె కేసు మాత్రం వద్దంటోందనీ రాశారు. కేసు లేకుండా కౌన్సెలింగ్ దొరుకుతుందా అని మీ ప్రశ్న. దొరుకుతుంది. నేనూ అట్లాగే వెళ్ళాను. చంద్రగిరి దగ్గర మా అత్తగారి ఊరు.

మన వైపు రెండు వేరు వేరు పనుల్ని ఒకటే మాటతో కౌన్సెలింగ్ అంటారు. నాకది తెలియక ముందు పోలీస్ స్టేషన్‌కి పోయాను. ఏ స్టేషనో ఇప్పుడెందుకులెండి. బల్ల మీద మా ఆయన పక్కనే నన్ను కూర్చోబెట్టారు. మా నాయన నిలబడే ఉన్నాడు. "కాపురమన్నాక ఉంటాయమ్మా, సర్దుకోని పో" అన్నారు. ఇకమీదట చెయ్యి చేసుకోనని అతను తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. పదకొండో రోజు మళ్ళీ కొట్టాడు, ఈసారి స్టేషన్ మెట్లు ఎక్కానని. అక్కడ జరిగింది రాజీ. పెద్దమనుషుల పంచాయితీకీ దానికీ తేడా ఖాకీ బట్టలే.

రెండో రకం కౌన్సెలింగ్ మీ చెల్లెలి ఒక్కదానితోనే జరుగుతుంది. దానికి 181కి ఫోన్ చెయ్యాలి. మహిళల హెల్ప్‌లైన్, డబ్బులేం పడవు, రాత్రయినా తీస్తారు. వాళ్ళే సఖి వన్ స్టాప్ సెంటర్‌కి కలుపుతారు. 2015 నుంచి ఉన్న పథకం ఇది. మాట్లాడే మనిషి, వైద్యం, లాయర్ సలహా, పోలీసు సాయం, అవసరమైతే ఐదు రోజుల వరకు ఉండేందుకు చోటు, అన్నీ అక్కడి నుంచే చూస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కుప్పం వాళ్ళు ఎటు పోవాలి, శ్రీకాళహస్తి వాళ్ళు ఎటు పోవాలి అనే తికమక మీకక్కర్లేదు. ఊరి పేరు చెబితే దారి వాళ్ళే చెబుతారు.

నేను ఇంట్లో రుయా ఆసుపత్రిలో థైరాయిడ్ రక్తపరీక్ష అని చెప్పి బస్సెక్కాను. సఖి సెంటర్లోని మేడం మా ఆయన గురించి ఏమీ అడగలేదు. "రాత్రి నిద్ర పడుతోందా? తిన్నావా పొద్దున?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె గుక్కెడు నీళ్ళిచ్చి, ఫ్యాన్ కొంచెం పెంచి, ఊరికే కూర్చుంది. ఎందుకు ఓర్చుకున్నావని ఒక్కసారి కూడా అనలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు ఇంకో పని చేయించింది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాప బర్త్ సర్టిఫికెట్ ఒక కవర్లో పెట్టి, జాకెట్లు కుట్టే మా వీధి అక్క దగ్గర దాచమంది. ఆ కవరే నాకు తర్వాత పనికొచ్చింది. విడిచిపెట్టేయమని ఆమె ఎప్పుడూ చెప్పలేదు, ఆ మాట నేనే ఆరో విడతలో అన్నాను.

బలవంతం సంగతి. భార్య పద్దెనిమిది దాటినదైతే మన క్రిమినల్ చట్టం దాన్ని అత్యాచారం కింద చూడదు. నాకైతే ఇప్పటికీ కడుపు మండే విషయం. కానీ 2005 గృహహింస చట్టంలో అది లైంగిక హింసే, భర్త చేసినా సరే. ఆ చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్, అంటే ఇలాంటి ఆడవాళ్ళకి సాయం చెయ్యడానికి ప్రభుత్వం పెట్టిన అధికారి, జరిగిన హింస వివరాలు రాసుకుంటారు, దాన్ని డీఐఆర్ అంటారు. అది ఎఫ్ఐఆర్ కాదు, అతన్ని అరెస్టు చేయించడానికి కాదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెను బయటికి గెంటకూడదని ఆ చట్టమే చెబుతుంది. తర్వాత ఎప్పుడైనా మెజిస్ట్రేట్ ఇద్దరినీ కౌన్సెలింగ్‌కి పంపితే మాత్రం ఒకటి గుర్తుంచుకోమనండి: "అది ఎదురు మాట్లాడింది కాబట్టి కొట్టాను" అని అతను అక్కడ సమర్థించుకోవడానికి లేదు. ఆ చట్టం నియమాల్లోనే అట్లా రాసుంది. స్టేషన్ బల్ల మీద ఇది తెలిసుంటే నేను తల దించుకుని కూర్చునేదాన్ని కాదు.

బయటి మనిషి ఎవరైనా చేసిన అఘాయిత్యమైతే ముందు ఆసుపత్రికి. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చేసి తీరాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. కాబట్టి పరువు, కేసు అని ఆలోచిస్తూ రెండు రోజులు పోగొట్టుకోవద్దు.

లాయర్‌కి డబ్బు లేదని ఆగకండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కి ఫోన్ చెయ్యండి. బయటికి అడుగు పెట్టే వీలే లేకపోతే, లేదా చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె అంటే, 14416, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు, పగలూ రాత్రీ. ప్రాణం మీదికి వస్తే 112.

మీరు 181కి చేసేటప్పుడు ఆమె ఫోన్ నుంచి చెయ్యొద్దు, మీ ఫోన్‌తో చెయ్యండి. మా ఆయన రాత్రి నా కాల్ లిస్టు చూసేవాడు. ఆమెతో మాట్లాడేది కూడా అతను డ్యూటీకి పోయాకే, నీళ్ళు పట్టుకునే టైమో, పిల్లల్ని బడికి దింపే టైమో చూసుకుని. "నాతో తిరుచానూరు గుడికి రా" అని పిలవండి. ఎవరూ వద్దనరు. దారిలో విషయం చెప్పి, ఆమె సరేనంటేనే సెంటర్‌కి తీసుకెళ్ళండి. వద్దంటే అమ్మవారిని చూసుకుని ఇంటికి దింపేయండి, మళ్ళీ ఇంకో శుక్రవారం అడగండి. నేను మా వదిన మూడోసారి అడిగినప్పుడు గానీ కదల్లేదు.