కోర్టు మార్షల్‌లో వాట్సాప్ స్క్రీన్‌షాట్లు సాక్ష్యంగా చెల్లుతాయా?

మీ తమ్ముడిపై సమ్మరీ కోర్టు మార్షల్ (యూనిట్ కమాండింగ్ ఆఫీసరే కోర్టుగా కూర్చునే సైనిక విచారణ) జరగబోతోందనీ, వాట్సాప్ ఎన్‌క్రిప్టెడ్ కనుక అందులోని మాటలు సాక్ష్యానికి పనికిరావని యూనిట్‌లో ఎవరో ధైర్యం చెప్పారనీ రాశారు. దయచేసి ఆ మాట నమ్ముకోవద్దు. నేను సైన్యంలో సుబేదారుగా పదవీ విరమణ చేశాను; సర్వీసులో ఉండగా ఇలాంటి కేసులోనే ఒక హవల్దారుకు ‘ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్’గా, అంటే నిందితుడికి తోడుండి సలహా ఇచ్చేవాడిగా, కూర్చున్నాను.

ఎన్‌క్రిప్షన్ కాపాడేది మెసేజ్ దారిలో ఉన్నంతసేపే. అవతలి ఫోన్‌లో అది మామూలు అక్షరాలుగానే తెరుచుకుంటుంది, ఆ ఫోన్ గలవారు దాన్ని ఎవరికైనా చూపించవచ్చు. అయితే ఆ మాటలు రాసింది ఫలానా వ్యక్తేనని కూడా ఎన్‌క్రిప్షన్ కోర్టుకు రుజువు చేయదు. కనుక వాదన నిలబడేదీ పడిపోయేదీ ఫోన్ దగ్గరే.

మా కేసులో చూపినవి నాలుగు స్క్రీన్‌షాట్ల ప్రింట్లు. వాటి పైభాగాన నంబరు లేదు, ‘హవల్దార్ సాబ్’ అని సేవ్ చేసుకున్న పేరు మాత్రమే ఉంది. ఆ పేరుతో ఎవరి నంబరునైనా సేవ్ చేసుకోవచ్చు. రెండో ప్రింటుకూ మూడో ప్రింటుకూ మధ్య తేదీ కనబడలేదు. సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ (విచారణకు ముందే సాక్షుల మాటలు రాసుకునే పత్రం) నమోదయ్యేటప్పుడు సాక్షిని ప్రశ్నించే హక్కు, 1954 నాటి ఆర్మీ రూల్స్‌లోని 23వ నియమం ప్రకారం, నిందితుడికే ఉంటుంది కనుక, ముందురోజు రాత్రి బ్యారక్‌లో కూర్చుని ఆరు ప్రశ్నలు రాసిచ్చాను. “ఈ మెసేజ్‌లు వచ్చిన ఫోన్ ఇప్పుడు ఎక్కడుంది?” అన్న మొదటి ప్రశ్నకే సాక్షి దాన్ని అమ్మేశానన్నాడు. ఆ జవాబు రికార్డుకెక్కాక ఆ ప్రింట్లపై ఆధారపడిన అభియోగం విచారణ దాకా రాలేదు. కళ్లారా చూసినవాళ్లున్న రెండో అభియోగంపై మాత్రం శిక్ష పడింది.

1950 నాటి ఆర్మీ చట్టంలోని 133వ సెక్షన్ సాక్ష్య చట్టాన్ని కోర్టు మార్షల్‌కూ వర్తింపజేస్తుంది. అప్పట్లో మేము పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన సర్టిఫికెట్ అడిగాము. 2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ అమల్లో ఉంది. ప్రింటు గానీ కాపీ గానీ దాఖలు చేస్తే రెండు భాగాల సర్టిఫికెట్ జతచేయాలి, ఒక భాగంపై దాఖలు చేసేవారు, రెండో భాగంపై నిపుణుడు సంతకం చేయాలి, అందులో ఫైలుకు వేలిముద్ర వంటి హాష్ విలువ రాయాలి. అసలు ఫోన్‌నే దాని యజమాని తెచ్చి సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కనుక, సర్టిఫికెట్ లేదన్న ఒక్క అభ్యంతరంతోనే సరిపెట్టుకోకండి.

సమ్మరీ కోర్టు మార్షల్‌లో ‘ఫ్రెండ్’ సలహా ఇవ్వగలడు, ప్రశ్నలు సూచించగలడు, అంతేగాని సాక్షిని తానే ప్రశ్నించలేడు. కాబట్టి మీ తమ్ముడు ప్రశ్నలను తన నోట రెండుమూడుసార్లు పలికి చూసుకోవాలి. క్రియాశీల సేవలో (యుద్ధరంగం వంటి విధుల్లో) లేకపోతే విచారణకు కనీసం 96 గంటల ముందు అభియోగపత్రం, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ ప్రతి చేతికందాలి. ఏడాది వరకు జైలు వేయగల కోర్టు అది.

తన ఫోన్‌లోని ఆ చాట్‌ను ఒక్క అక్షరం కూడా చెరపవద్దని ఈ రోజే చెప్పండి. మా హవల్దారు భయంతో తనవైపు చాట్ మొత్తం చెరిపేశాడు. ఆ రెండో, మూడో ప్రింట్ల మధ్య ఏ మాటలు కత్తిరించారో చూపించడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు.