కాగితం మడతలంటే ప్రాణం పెట్టే అమ్మాయిని ఏ బ్రాంచిలో చేర్పించాలి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ఎప్పుడు చూసినా కాగితాలు మడుస్తూ ఉంటుంది. వేడి తగిలితే తనంతట తానే మడుచుకునే షీటు వీడియో చూసి, అదే చదువుతానంటోంది. మేమేమో కంప్యూటర్ సైన్స్ అనుకున్నాం. అసలు ఇదొక చదువేనా సార్? – ఒక తండ్రి

జవాబు: చదువేనండీ, గట్టి చదువే. కాగితం మడతల కళను ఒరిగామి అంటారు కాబట్టి, దీన్ని ఒరిగామి ఇంజినీరింగ్ అంటారు. కాకపోతే బీటెక్‌లో ఆ పేరుతో బ్రాంచి ఉండదు. మెకానికల్ లాంటిది చదివి, ఎంటెక్‌లోనో పీహెచ్‌డీలోనో దాని మీదికి వెళ్లాలి.

పాప చూసిన లాంటి షీటు ఎలా మడుచుకుంటుందంటే, ముందే సాగదీసి ఉంచిన పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటు మీద నల్ల సిరాతో గీతలు ప్రింట్ చేస్తారు. ఇన్‌ఫ్రారెడ్ దీపం కింద ఆ గీతలు వేడిని ఎక్కువగా పీల్చుకుంటాయి. అక్కడ పైభాగం అడుగుకన్నా ఎక్కువ ముడుచుకుని, షీటు మడత పడుతుంది. గీత వెడల్పును బట్టి కోణం మారుతుంది. 2014లో హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకులు చేసిన రోబో, చదునైన షీటు నుంచి దాదాపు 4 నిమిషాల్లో మడుచుకుని లేచి నడిచింది.

అసలు చిక్కు వేడి చేయడంలో లేదు. నాలుగు మడతలు కలిసే ఒక్క బిందువు దగ్గరే చదునైన షీటు మడత పడటానికి రెండు దారులుంటాయి. బిందువులు పెరిగేకొద్దీ తప్పుదారులు విపరీతంగా పెరుగుతాయి. కావాల్సిన ఆకారంలోకే వెళ్లాలంటే ఏ మడతను ఎంత బలంతో తిప్పాలి? దీని మీద పరిశోధన ఇంకా సాగుతోంది. జ్యామితి, మెకానిక్స్ రెండూ రానివాళ్లు దాన్ని ముట్టుకోలేరు. నాకు ఈ సబ్జెక్టులో బాగా నచ్చేది ఇదే.

పాపకు ఒక పని చెప్పండి. కాగితాన్ని ఒకసారి మడిచి, ఆ మడతకు అడ్డంగా ఏటవాలుగా ఇంకోసారి మడిచి విప్పమనండి. నాలుగు గీతలు కలిసేచోట కోణాలు కొలిచి, ఒకటి విడిచి ఒకటి కూడితే 180 డిగ్రీలు వస్తుంది. ఎందుకొస్తుందో తేలేదాకా వదలకపోతే, అది వీడియో చూసి పుట్టిన మోజు కాదు.

ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు. మెకానికల్ డిజైన్, రోబోటిక్స్, ఉపగ్రహాల విభాగాల్లో వెతకాలి. జపాన్ శాస్త్రవేత్త కొర్యో మియురా కనిపెట్టిన మడత 1995లో అంతరిక్షంలో సోలార్ ప్యానెల్ విప్పడానికి పనికొచ్చింది. మీ కంప్యూటర్ సైన్స్ ఆలోచనా తప్పేం కాదు. ఎంఐటీలో మడతల గణితానికి పేరున్న ఎరిక్ డిమైన్ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసరే.

దగ్గర్లో కర్నూలు ట్రిపుల్ఐటీడీఎంకు జేఈఈ మెయిన్, అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీకి ఈఏపీసెట్ రాయాలి. టెన్షన్ పెట్టకుండా రెండూ రాయించండి. ర్యాంకు వచ్చాక బ్రాంచి సంగతి పాపనూ కూర్చోబెట్టుకుని తేల్చుకోండి.