శ్రుతి పెంచాలా, సౌండు పెంచాలా?

సందేహం: మా కాలేజీ వార్షికోత్సవంలో ఒకబ్బాయి గిటారు వాయిస్తుంటే వెనక వరుసలకు వినపడలేదు. వ్యాఖ్యాత మైకులో "గిటారు శృతి కొంచెం పెంచండి" అన్నారు. ఇది సరైన వాడుకేనా? "గిటారు కొడుతుండు" అంటే మోటుగా ఉంటుందని నా స్నేహితుడు అంటాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ముందు అక్షరం సంగతి. అది 'శృతి' కాదు, 'శ్రుతి'. వినడం అనే అర్థమున్న 'శ్రు' ధాతువు నుంచి వచ్చింది.

శ్రుతి తీగ బిగువుకు సంబంధించింది, మోతకు కాదు. వ్యాఖ్యాత మాట తు.చ. తప్పకుండా పాటిస్తే ఆ అబ్బాయి బిరడలు తిప్పాలి. గిటారు ఆరు తీగల్లో అన్నిటికన్నా సన్నదాన్ని సెకనుకు సుమారు 330 కంపనాలకు శ్రుతి చేస్తారు. ఒక్క స్వరస్థానం పైకి, అంటే 349కి ఎక్కించాలంటే బిగువు 12 శాతం పెరగాలి. అలా ఎక్కిస్తూ పోతే తీగ తెగి వేలికి తగులుతుంది. వెనక వరుసకు మాత్రం అప్పటికీ వినపడదు!

ఈ పొరపాటుకు మన జాతీయమే కారణం కాబోలు. 'శ్రుతిమించి రాగాన పడింది', 'వెటకారం శ్రుతిమించింది' అని వాడీ వాడీ, శ్రుతి అంటే మోతాదు అన్న భావం నాటుకుపోయింది. 'తారస్థాయి'దీ అదే కథ. సంగీతంలో అది పై సప్తకం, పత్రికల్లో ఉద్రిక్తత. కాబట్టి 'స్థాయి పెంచండి' అన్నా చిక్కే. టెంటు హౌసు పిల్లగాడితో "గిటారు సౌండు పెంచు" అంటే చాలు, పనవుతుంది. 'ధ్వని' అన్నా తప్పులేదు, కాకపోతే అతను ఒక క్షణం ఆలోచిస్తాడు.

దేన్ని పెంచాలో కూడా చెప్పాలి సుమా. యాంప్లిఫయర్ మీద గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ను పెంచేది), వాల్యూమ్ (బయటికెళ్లే మోతను పెంచేది) అని రెండుంటాయి. గెయిన్ అతిగా తిప్పితే సౌండు పగులుతుంది. ఎలక్ట్రిక్ గిటారు వాళ్లు కావాలనే పగలనిస్తారు, అది వేరే సంగతి. అకూస్టిక్ గిటారుకు వాల్యూమ్ ఎక్కువైతే ఇంకో తిప్పలు. స్పీకరు మోతకు దాని డొల్ల బుర్ర అదిరి, ఆ అదురు మళ్లీ పికప్‌లోకి (గిటారు కంపనాలను పట్టి యాంప్లిఫయర్‌కు పంపే పరికరంలోకి) పోయి కుయ్యిమంటుంది. 'కూత పెడుతోంది' అంటే ఈ స్థితికి అతికినట్టు సరిపోతుంది. అప్పుడు స్పీకరుకు ఎదురుగా నిలబడకుండా పక్కకు జరిగి, బేస్ తగ్గించాలి. ఎంత పెంచినా పీలగానే ఉంటే గిటారు లోపలి 9 వోల్టుల బ్యాటరీ చూడాలి. జాక్ గుచ్చి వదిలేస్తే, వాయించకున్నా అది అయిపోతుంది.

ఇక 'కొట్టడం'. మన దగ్గర డప్పు కొడతారు, సన్నాయి ఊదుతారు, తంబుర మీటుతారు. గిటారు మీద కొట్టడం, మీటడం రెండూ ఉన్నాయి. ఆరు తీగల మీదుగా చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తే అది కొట్టడమే. ఒక్కో తీగను వేలితోనో పిక్ అనే చిన్న బిళ్లతోనో లాగి వదిలితే మీటడం. "పల్లవికి కొడుతుండు, నడుమ మీటుతుండు" అంటే చెయ్యి ఏం చేస్తోందో వినేవాడికి తెలిసిపోతుంది. 'వాయించు' రెంటికీ చెల్లుతుంది గానీ ఈ తేడా చెప్పదు. పైగా మీ స్నేహితుడు మర్యాద అనుకుంటున్న ఆ 'వాయించాడు'కు చితకబాదాడనే అర్థం కూడా ఉంది!