పాత వానల లెక్క పేజీలో పెట్టేటప్పుడు

చి. అమ్మణ్ణికి చిత్తూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

తిరుపతిలో మీ మిద్దె మీద వెదర్ స్టేషన్ పెట్టి వెబ్‌సైటు కూడా కట్టావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన లింకు చూశాను. ఇప్పటి ఎండ, ఇప్పటి గాలి బాగానే కనిపిస్తున్నాయి. పాత లెక్కలు ఎలా చూపించాలో చెప్పమన్నావు. మండలాఫీసులో వర్షపాతం రిజిస్టరు రాసి రిటైరైన మనిషిని, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, విసుక్కోవద్దు.

ఇప్పుడు వాన పడుతోందా లేదా అని చూడ్డానికి ఎవరూ నీ సైటుకు రారు. కిటికీ తీస్తే సరిపోతుంది. వచ్చేవాళ్లు అడిగేది వేరు. పోయిన దీపావళికి మన పక్క ఎంత పడింది, మే నెలలో ఎన్ని రోజులు 40 దాటింది, ఇలాంటివి. నువ్వు చూపించే అంకెను పట్టుకుని ‘ఇది ఎలా వచ్చింది?’ అని ఎవరైనా నిలదీస్తే, దానికి జవాబు కూడా అదే పేజీలో దొరకాలి. నేను చెప్పేదంతా దాని గురించే.

ముందు తేల్చుకోవాల్సింది రోజు ఎప్పుడు మొదలవుతుందో. వాతావరణ శాఖ వాన లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా. కొలిచిన రోజు తేదీ కిందే రాస్తారు. నీ స్టేషన్ లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ వీవెక్స్ మాత్రం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కూడుతుంది. 2021 నవంబరు 18, తిరుపతి వీధులు ఏరులై పారిన ఆ గురువారాన్నే తీసుకో. అప్పటికి నీ స్టేషన్ ఉండి ఉంటే, ఆ సాయంత్రం పడిన వాన నీ పేజీలో 18వ తేదీ కింద ఉండేది. రిజిస్టర్లో మాత్రం 19 కింద ఉంటుంది. రెండూ సరైనవే. కానీ పేపర్లో వచ్చిన అంకెను నీ అంకె పక్కన పెట్టి ‘మీ మిషన్ తప్పు’ అనేవాళ్లు వస్తారు, చూస్తూ ఉండు. అందుకే పట్టికలో రెండు నిలువు వరుసలు పెట్టు, ఒకటి క్యాలెండర్ రోజుకు, ఇంకొకటి 8.30 రోజుకు. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ క్యుములస్‌లో ఉదయం 9కి రోజు మార్చుకునే వీలుంది గానీ అదీ మనకు అరగంట తేడానే. నీ దగ్గర ఐదు నిమిషాల లెక్క మొత్తం ఉంది కాబట్టి, 8.30 మొత్తాన్ని నువ్వే కూడుకోవచ్చు. అక్కడ ఒక మెలిక ఉంది. వీవెక్స్ ప్రతి వరుసకూ వేసే టైము ఆ ఐదు నిమిషాలు ముగిసిన టైము. అంటే 8.30 అని ఉన్న వరుస 8.25 నుంచి పడిన వాన, అది ముగిసిపోయిన రోజుకే చెందుతుంది. 00.00 అని ఉన్నది కూడా అంతే, నిన్నటిది. ఇంకో మాట, నువ్వు సెట్టింగ్ మార్చి ఉండకపోతే డేటాబేస్ లోపల వాన అంగుళాల్లో, వేడి ఫారెన్‌హీట్‌లో ఉంటుంది. నేరుగా చదివి మి.మీ. అని రాసేయకు.

ఇక ఖాళీలు. కరెంటు పోతుంది, రూటర్ మొండికేస్తుంది, గాలివాన రోజునే ఇవన్నీ జరుగుతాయి. లెక్క లేని రోజున సున్నా వేయడం అంత ఘోరం ఇంకోటి లేదు. సున్నా అంటే వాన పడలేదని అర్థం. లెక్క లేకపోతే గీత గీసి వదిలెయ్. నెల మొత్తంలో ఒక్క వాన రోజు పోయినా ‘కనీసం ఇంత’ అని రాయి, మొత్తం అని రాయకు. సగటు ఉష్ణోగ్రతకు ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన నియమం ఉంది. నెలలో 11 రోజులు గానీ, వరసగా 5 రోజులు గానీ లెక్క లేకపోతే ఆ నెల సగటు కట్టకూడదు. నువ్వూ అదే పాటించు.

ఇంకో చిక్కు, కరెంటు తిరిగొచ్చాక కొన్ని కన్సోళ్లు, అంటే సెన్సర్ల లెక్క అందుకుని చూపించే పరికరాలు, అప్పటిదాకా దాచుకున్న వానంతా ఒక్కసారి కుమ్మరిస్తాయి. రెండు గంటల్లో పడింది ఐదు నిమిషాల్లో పడినట్టు కనిపిస్తుంది. రోజు మొత్తానికి ఇబ్బంది లేదు గానీ, ‘అతి జోరు వాన’ అనే పెట్టెలో ఆ దొంగ అంకె ఎక్కి కూర్చుంటుంది. ఖాళీ తర్వాత వచ్చిన మొదటి వరుసను ఆ పెట్టెలోకి రానివ్వకు.

రికార్డుల పెట్టె గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. రెండేళ్ల లెక్క చేతిలో పెట్టుకుని ‘తిరుపతిలో ఆల్‌టైమ్ అత్యధికం’ అని ఎర్రక్షరాల్లో వేస్తే నవ్వుతారు. ‘ఈ మిద్దె మీద, ఫలానా తేదీ నుంచి’ అని వెయ్, చాలు. వాతావరణ శాఖ సాధారణం అనే మాట వాడాలన్నా వేడికి 30 ఏళ్ల లెక్క చూస్తుంది, ఇప్పుడు 1991 నుంచి 2020 దాకా; వానకైతే 50 ఏళ్లు, 1971 నుంచి 2020 దాకా. ‘సాధారణం కంటే ఎక్కువ’ అని నువ్వు రాస్తే, ఎవరి సాధారణమో పక్కనే చెప్పు. జిల్లా సగటుతో పోల్చేటప్పుడు కూడా చూసుకో. 2022 ఏప్రిల్ 4 దాకా తిరుపతి చిత్తూరు జిల్లాలోనే ఉంది, ఆ తర్వాత వేరైంది. పాత చిత్తూరు జిల్లా సగటు, ఇప్పటి చిత్తూరు జిల్లా సగటు ఒకే గీతలో కలిపితే ఆ గీతకు అర్థం ఉండదు.

పేజీ బోసిగా ఉందని 1940 నుంచి ఉన్న ఈఆర్ఏ5 లెక్కలు తెచ్చి నీ లెక్కలకు ముందు అతికించాలని అనిపిస్తుంది. వద్దు. అది ఎక్కడా వాన కొలిచే గేజీ పెట్టి కొలిచింది కాదు, కంప్యూటరు మోడల్ కట్టిన లెక్క. ఆ మోడల్ నేలను గడులుగా విడగొడుతుంది, ఒక్కో గడి పావు డిగ్రీ, అంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. శేషాచలం కొండ, కింద ఊరు, మధ్య ఘాట్ రోడ్డు, ఇంత ఎగుడుదిగుడు అంత పెద్ద గడిలో చదునైపోతుంది. తిరుమలలో చలికి దుప్పటి కప్పుకునే రోజున కింద ఫ్యాన్ వేసుకుంటామని నీకు తెలియనిదా? కావాలంటే వేరే పేజీలో, వేరే రంగులో పెట్టు. రేణిగుంట విమానాశ్రయం లెక్కలైనా అంతే, పక్కన పెట్టి పోల్చు గానీ కలపకు.

రంగులు నీ ఇష్టమొచ్చినట్టు వేయకుండా వాతావరణ శాఖ హద్దులు తీసుకో. 2.5 మి.మీ. పడితేనే అది వాన రోజు. 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అప్పుడు వార్తల్లో వినే మాటకూ నీ పేజీకీ పొంతన ఉంటుంది.

నన్నడిగితే కార్తెల వారీ పట్టిక ఒకటి తప్పకుండా పెట్టు. మన పక్క రైతులు అడిగేది జూన్, జులై అని కాదు, మృగశిరలో ఎంత, స్వాతిలో ఎంత అని. కార్తెలు సూర్యుడిని బట్టి వస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలు. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో మొదలవుతాయి. ఏళ్ల మధ్య పోల్చడం సులువు. పండగలతో ఆ సుఖం లేదు. దీపావళి 2023లో నవంబరు 12, 2024లో అక్టోబరు 31, 2025లో అక్టోబరు 20. ఈశాన్య రుతుపవనాల కాలంలో మూడు వారాల తేడా అంటే చిన్నది కాదు. కాబట్టి పండగ పట్టికలో అసలు తేదీ కూడా చూపించు.

గ్రాఫును జనం స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో తిప్పుతారు. ఊరు, తేదీ, మి.మీ. అన్నవి బొమ్మ లోపలే ఉండాలి. కింద గమనికలో రాస్తే అది కత్తిరింపులో పోతుంది. పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోందన్నావు. ఏడాదికి లక్షా ఐదు వేల వరుసలు ప్రతిసారీ చదివిస్తే అలాగే ఉంటుంది. రాత్రికి రాత్రి రోజువారీ మొత్తాలు కట్టి పెట్టుకుని అవే చూపించు.

స్టేషన్‌కు ఏం జరిగినా ఒక డైరీ పేజీ పెట్టి రాయి. సెన్సర్ మార్చినా, వాటర్ ట్యాంకు పక్క నుంచి జరిపినా, ఎదురింటివాళ్లు ఇంకో అంతస్తు వేసినా తేదీతో సహా. ఐదేళ్ల తర్వాత గాలి ఎందుకు తగ్గిందో గ్రాఫు చెప్పదు, ఆ డైరీయే చెబుతుంది.

అక్టోబరు వానలకు ముందు గేజీ ఒకసారి పరీక్షించు. గరాటు మూతి 200 చదరపు సెంటీమీటర్లయితే 20 మిల్లీలీటర్ల నీళ్లు 1 మి.మీ. కింద లెక్క. నీ గరాటు కొలిచి ఆ ప్రకారం నీళ్లు తీసుకుని, ఖాళీ సెలైన్ బాటిల్‌తో చుక్కచుక్కగా వదులు. ఒక్కసారి పోస్తే గేజీ లోపల నిండి ఒరిగే చిన్న బకెట్టు అందుకోలేక తక్కువ చూపిస్తుంది. ముందు లోపలి సాలెగూడు, వేపాకులు తీసెయ్. ఎన్ని మి.మీ. చూపించిందో ఆ డైరీలో మొదటి వరుసగా రాసి నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ