మెడ ధమని చిరిగిన తరువాతి నెలల గురించి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెడ వెనుక ధమని చిరిగి చిన్న స్ట్రోక్ వచ్చిందనీ, ఇంటికి పంపించారనీ తెలిసింది. పదకొండేళ్ల క్రితం నాకూ ఇదే జరిగింది కనుక ఈ కొన్ని నెలలు ఎలా మెలగాలో రాస్తున్నాను.

ధమని గోడకు మూడు పొరలుంటాయి. లోపలి పొర చిరిగితే రక్తం గోడలోకే చొరబడి దారిని ఇరుకు చేస్తుంది. అక్కడ కట్టిన గడ్డలోంచి ఒక ముక్క ఊడి మెదడుకు చేరి, అక్కడి నాళాన్ని మూసివేసినప్పుడు స్ట్రోక్ వస్తుంది. నీకిచ్చిన మందు గడ్డ కట్టకుండా కాపు కాయడానికే గాని చిరుగును అతకడానికి కాదు. చిరుగు చాలామందిలో 3 నుంచి 6 నెలల్లో తనంత తానే మానుతుంది. మెడనొప్పి మాత్రం అంతకు ముందే పోవచ్చు, మోసం అక్కడే ఉంది. మూడో వారంలో నొప్పి పోగానే నేను ఆస్పిరిన్ మానేసి, వైద్యురాలి చేత గట్టిగా చీవాట్లు తిన్నాను. పక్క మంచం రోగికి ఆస్పిరిన్ బదులు, గడ్డ కట్టకుండా వేరే విధంగా పనిచేసే వార్ఫరిన్ అనే మందు ఇచ్చారని కంగారుపడకు. మెడ ధమని చిరిగినవారి మీద జరిపి 2015లో వెలువరించిన కాడిస్ అనే అధ్యయనంలో ఈ రెండు రకాల మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చిరుగు పుర్రె లోపలి ధమనిలో ఉంటే లెక్క వేరు, అక్కడ గోడ పలుచన కనుక రక్తస్రావం భయం ఉంటుంది.

మెడ పట్టేసిందని ఎవరిచేతా విరిపించుకోకు, బరువులెత్తకు, మెడను ఒక్కసారిగా తిప్పకు. దగ్గు పట్టుకుంటే ఊరుకోకుండా వైద్యం చేయించుకో. ఎందుకు చిరిగిందని తవ్వుకోవడం వల్ల ఫలితం లేదు. నేను ఆ రోజు గంటలకొద్దీ తల పైకెత్తి పైకప్పుకు రంగు వేశాను, అదే కారణమో కాదో నేటికీ ఎవరూ తేల్చలేదు.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, చేయి పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, నడక తూలినా, పడుకుంటే తగ్గుతుందని చూడక వెంటనే అంబులెన్సు పిలిపించు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు కనుక, లక్షణం మొదలైన సమయాన్ని ఇంట్లోవారు గుర్తుపెట్టుకోవాలి. ఆసుపత్రిలో మొదటి మాటగా మెడ ధమని చిరిగిన సంగతి చెప్పాలి, ఎందుకంటే చిన్న వయసువారిని చూసి తల తిరుగుడనో మైగ్రేననో పొరబడటం కద్దు. ఆ సంగతీ, వాడుతున్న మందుల పేర్లూ రాసిన కాగితం జేబులో ఉంచుకో.

మళ్లీ స్కాన్ ఎప్పుడో అడిగి తారీఖు ఖాయం చేసుకో. మందు ఆపాలా, కొనసాగించాలా అన్నది అది చూశాకే వైద్యులు చెబుతారు.