గ్రామీణ గృహనిర్మాణం: సివిల్ చదివే అమ్మాయికి ఇందులో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బి.టెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. ఊళ్లలో పేదలకు ఇళ్లు కట్టించే రంగంలోనే పనిచేస్తానని పట్టుబడుతోంది. అందులో ఉద్యోగాలు ఉంటాయా, ఉన్నా అన్నీ ఔట్‌సోర్సింగేనా అని మా భయం. తనను ఏం నేర్చుకోమనాలి? – ఓ తండ్రి

జవాబు: మీ భయంలో సగం నిజమే. గృహనిర్మాణ సంస్థల్లో పర్మినెంట్ పోస్టులు తక్కువ. అయితే ఈ రంగమంటే ఆ సంస్థలొక్కటే కాదు. ఊళ్లో ఒక పేద ఇంటికి డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలిస్తే ఉద్యోగాలు ఎక్కడున్నాయో మీకే అర్థమవుతుంది. అందుకే ముందు ఆ లెక్క చెబుతాను. దయచేసి ఈ జవాబును మీ అమ్మాయితో కలిసి చదవండి.

దేశంలో గ్రామీణ ఇళ్లకు పెద్ద దిక్కు ప్రధానమంత్రి ఆవాస్ యోజన–గ్రామీణ్. 2016లో ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో వచ్చింది. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు ఇస్తారు. మన రాష్ట్రాల్లో కేంద్రం, రాష్ట్రం దీన్ని 60:40గా భరిస్తాయి. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి, అంటే దాదాపు 269 చదరపు అడుగులు. 1.20 లక్షలను దానితో భాగించి చూడండి. చదరపు అడుగుకు 446 రూపాయలు. ఆ డబ్బుతో స్లాబు ఇల్లు లేవదు. అందుకే పథకంలోనే మరికొన్ని దారులు పెట్టారు: మరుగుదొడ్డికి 12,000, ఉపాధి హామీ కింద 90 రోజుల కూలీ, కావాలనుకుంటే బ్యాంకు నుంచి 70,000 వరకు అప్పు. ఇవన్నీ సమయానికి కలిస్తేనే ఇల్లు పూర్తవుతుంది. ఒక్కొక్కటీ ఒక్కో శాఖ చేతిలో ఉంటుంది. వాటిని కలిపే మనిషి మాత్రం ఏ శాఖలోనూ ఉండడు. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని సరిగ్గా ఆ ఖాళీలో ఉంది.

రాష్ట్రాలు తమ పద్ధతుల్లో దీనికి జోడిస్తాయి. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల కింద సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షలు ఇస్తున్నారు. ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి వచ్చిన చాలా గ్రామాలకు ఇళ్లు పట్టణ పథకం కిందే మంజూరయ్యాయి. అక్కడ కేంద్రం వాటా 1.50 లక్షలు. ఒకే జిల్లాలో పక్కపక్క ఊళ్లకు వేర్వేరు నిబంధనలు ఉండటానికి కారణం ఇదే. ఏ ఊరు ఏ పథకంలోకి వస్తుందో చెప్పగలిగితేనే ఇంటర్వ్యూలో మీ అమ్మాయి మాటకు విలువ.

ఇక డబ్బు ఆగే చోట్లు. మొదటిది బేస్‌మెంట్. తెలంగాణ పద్ధతిలో మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తుంది. అంటే పునాది తవ్వకం, రాయి, మట్టి నింపడం అన్నీ ముందు సొంత డబ్బుతో జరగాలి. పిల్లల పెళ్లిళ్లు, రేపటి అవసరాలు తలచుకుని చాలామంది ఇంటివాళ్లు ఈ దశలోనే కొలత పెంచేస్తారు. పరిమితి దాటితే బిల్లు ఆగుతుంది. ఆగకపోయినా, పెద్ద పునాది మీద పెద్ద గోడలు, పెద్ద స్లాబు కావాలి. వచ్చే డబ్బు మాత్రం పెరగదు. ఊళ్లలో పునాదుల దగ్గరే ఆగిపోయి కంపచెట్లు మొలిచిన ఇళ్ల వెనుక చాలావరకు ఈ కథే ఉంటుంది. ముగ్గు పోసే రోజున టేపు పట్టుకుని వెళ్లి, ‘అమ్మా, ఈ గది ఇప్పుడొద్దు, అటువైపు గోడ చివర ఇటుకలు పళ్లలా బయటికి వదిలి తర్వాత కలుపుకొందాం’ అని ఒప్పించడం ఇంజనీరు చేయగల అతి పెద్ద ఆదా.

రెండోది స్లాబు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పునాదిని, గోడల్ని విడతలుగా కట్టుకోవచ్చు. స్లాబును అలా వేయడం కుదరదు. ఒక్క రోజులో పోసేయాలి. 25 చదరపు మీటర్ల ఇంటికి గోడల మందం, సన్‌షేడ్లు కలుపుకుంటే స్లాబు 30 చదరపు మీటర్లు వస్తుంది. నాలుగంగుళాల మందమనుకుంటే 3 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎం20 (ఇళ్ల స్లాబులకు వాడే మామూలు కాంక్రీటు రకం) మిశ్రమానికి ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 24, 25 బస్తాల సిమెంటు, 80 కిలోల చొప్పున 240 కిలోల దాకా ఇనుము కావాలి. దానికి కంకర, ఇసుక, సెంట్రింగ్ (స్లాబు పోసేటప్పుడు కింద కట్టే పలకలు, ఊతలు) అద్దె, మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం), ఆ రోజు కూలీలు. ఇవన్నీ ఒకేసారి చేతిలో ఉండాలి. అంతకుముందు దశ బిల్లు ఆలస్యమైతే కుటుంబం నూటికి మూడు రూపాయల వడ్డీకి వెళుతుంది. 60,000 తెస్తే నెలకు 1,800. బిల్లు నాలుగు నెలలు ఆగితే 7,200 వడ్డీకే పోతాయి. తలుపులు, కిటికీలకు దాచుకున్న డబ్బు అదే. డబ్బు చాలక సెంట్రింగ్ అద్దె మిగుల్చుకుందామని మూడు రోజులకే పోటీలు (స్లాబు కింది ఊతకర్రలు) తీసేసేవాళ్లూ ఉన్నారు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకైనా పోటీలు కనీసం 7 రోజులుండాలి. క్యూరింగ్ (నీళ్లతో తడపడం) మామూలు సిమెంటుకు 7 రోజులు, పీపీసీకి (బూడిద కలిపిన సిమెంటుకు) 10 రోజులు. ఆ తొందరపాటు ఫలితం మొదటి వానాకాలంలోనే పైకప్పు కారుతూ కనిపిస్తుంది.

మూడోది కాగితం. జియోట్యాగ్ ఫొటో (తీసిన చోటు నమోదయ్యే ఫొటో) మంజూరైన స్థలంలో తీసింది కాకపోవడం, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉండటం, ఆధార్ అనుసంధానం పాత ఖాతాకే ఉండిపోయి డబ్బు అటు వెళ్లడం. వినడానికి చిన్నవే, నెలల తరబడి బిల్లు ఆపేవి మాత్రం ఇవే. బ్యాంకు అప్పు దగ్గర చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. ఊరి లోపలి ఇళ్లు చాలావరకు గ్రామకంఠం (ఊరి నివాసాల కోసం వదిలిన) భూమిలో ఉంటాయి. తాత పేరు మీద కూడా దస్తావేజు ఉండదు. తనఖా పెట్టడానికి ఏమీ లేకపోతే బ్యాంకు మేనేజరు ముందుకు రాడు. కేంద్రం 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇస్తున్నది ఈ ఇబ్బంది తీర్చడానికే. పది లక్షల లోపు జనాభా ఉన్న చోట్ల 35 లక్షల వరకు ఇంటి రుణాన్ని రిజర్వు బ్యాంకు ప్రాధాన్య రంగంలో, అంటే బ్యాంకులు తమ అప్పుల్లో కొంత వాటా తప్పక ఇవ్వాల్సిన రంగంలో, లెక్కిస్తుంది. కాబట్టి అప్పు ఇస్తే బ్యాంకుకూ ప్రయోజనమే. కాగితం సిద్ధం చేసి, ఇంటివాళ్ల ఆదాయాన్ని నమ్మదగ్గట్టు చూపించే మనిషి ఉంటే చాలు. ఈలోపు చాలా కుటుంబాలను ఆదుకుంటున్నది డ్వాక్రా సంఘాల అప్పు, మహిళా సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధి.

ఇప్పుడు ఉద్యోగాల మాట. ప్రభుత్వం వైపు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ పోస్టులు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల ఇంజనీరింగ్ అసిస్టెంట్లు, రెండు రాష్ట్రాల గృహనిర్మాణ సంస్థలు ఉన్నాయి. డబ్బు సమకూర్చే వైపు రాష్ట్రాల సంస్థలకు అప్పిచ్చే హడ్కో, గృహరుణ సంస్థలకు రీఫైనాన్స్ (అవి ఇచ్చే అప్పులకు తిరిగి డబ్బు) ఇచ్చే నేషనల్ హౌసింగ్ బ్యాంక్, ఇంకా నాబార్డ్. వీటిలో పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. వీటినే నమ్ముకుని ఏళ్లు గడపొద్దని గట్టిగా చెబుతాను. చిన్న పట్టణాల్లో, ఊళ్లలో అప్పులిచ్చే గృహరుణ కంపెనీల్లో టెక్నికల్ ఆఫీసరు, క్రెడిట్ ఆఫీసరు పనులు ఉంటాయి. జీతం చీటీ లేని కిరాణా కొట్టు యజమాని, పాల రైతు ఆదాయాన్ని అంచనా వేయడం అక్కడే నేర్చుకుంటారు. మొదటి ఉద్యోగానికి నా ఓటు దీనికే. స్వచ్ఛంద సంస్థల వైపు, 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లోని భుజ్‌లో ఎదిగిన హున్నర్‌శాల లాంటివి ఇంటివాళ్ల చేతే ఇల్లు కట్టించే పద్ధతిని నేర్పుతాయి. ఆవాస్ యోజన–గ్రామీణ్ నిబంధన కూడా అదే: కాంట్రాక్టరు ఉండకూడదు, లబ్ధిదారే కట్టుకోవాలి. కాబట్టి మేస్త్రీతో, ఇంటి ఇల్లాలితో మాట్లాడి ఒప్పించలేని ఇంజనీరు ఇక్కడ రాణించడం కష్టం.

చదువు సంగతి. కాలేజీలో చెప్పే ఆర్‌సీసీ డిజైన్ సరిపోదు. మన ఊళ్లలో నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి గోడల్ని చీలుస్తుంది. చిన్న ఇంటికి ఎక్కడ మట్టి మార్చి మొరం నింపితే చాలు, ఎక్కడ రూర్కీలోని సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన పునాది స్తంభాలు) అవసరం అనేది తెలియాలి. ర్యాట్ ట్రాప్ బాండ్‌తో (ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే పద్ధతిలో) గోడ కడితే ఇటుకలు పావు వంతు దాకా మిగులుతాయి. కానీ ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి. వంకర బట్టీ ఇటుకతో కడితే మోర్టార్ ఎక్కువ పట్టి ఆ మిగులు ఆవిరవుతుంది. ఇలాంటివి కళ్లతో చూడాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీపీఆర్ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) గ్రామీణ సాంకేతిక పార్కుకు పంపండి. తక్కువ ఖర్చు ఇళ్ల నమూనాలు అక్కడ కట్టి ఉన్నాయి. పీజీ చేయాలనుకుంటే గేట్ రాసి ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఢిల్లీలో హౌసింగ్, విజయవాడ ఎస్‌పీఏలో ప్లానింగ్ చూడొచ్చు. మేనేజ్‌మెంట్ ఇష్టమైతే గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా. రెండేళ్లు క్షేత్రంలో పనిచేసి వెళితే ఆ చదువు బాగా ఒంటబడుతుంది.

ఈ వేసవి సెలవుల్లో ఒక పని చేయించండి. మీ మండలంలో మంజూరైన ఇళ్లలో పునాది దశలో ఒకటి, స్లాబు దశలో ఒకటి, ఆగిపోయింది ఒకటి ఎంచుకుని, ఇంటివాళ్ల అనుమతితో కొలతలు తీసి ఎస్టిమేట్ వేయమనండి. ఒక్కో ఇంటికీ ఏ డబ్బు ఏ తేదీన వచ్చింది, మధ్యలో ఎంత అప్పు చేశారు, ఏ వడ్డీకి అని పక్కన రాయమనండి. ఆవాస్ యోజన ఇళ్ల వివరాలుండే ఆవాస్‌సాఫ్ట్ వెబ్‌సైటు రిపోర్టులు ఎవరైనా చూడొచ్చు. వాటితో పోల్చి తేడాలు గుర్తిస్తే ఇరవై పేజీల నివేదిక అవుతుంది. మార్కుల మెమో చెప్పలేనిది అది చెబుతుంది. ఇంటివాళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం అందులో రాయకూడదు.

ఔట్‌సోర్సింగ్ ఆఫర్ వస్తే వెంటనే కాదనకండి. ఏడాదిన్నర, రెండేళ్ల అనుభవానికి మంచిదే. ఏజెన్సీ పేరు, కాలపరిమితి, పీఎఫ్ జమ, ఎన్ని గ్రామాలు చూడాలి, బండి పెట్రోలు ఎవరు భరిస్తారు అన్నవి రాతలో ఉండాలి. ఒక్కరికే రెండు మండలాలు అప్పగిస్తే ప్రతి దశలోనూ ఇంటి దగ్గరకు వెళ్లి చూడటం సాధ్యం కాదు. చూడని ఇంటికి ఫొటో మీద సంతకం పెట్టమంటారు. తర్వాత తనిఖీ వస్తే జవాబు చెప్పాల్సింది ఆ సంతకమే. అలాంటి ఒత్తిడి ఉన్నచోట చేరవద్దని మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.